తొమ్మిది గజాల బొమ్మ

ముందే ఒప్పుకుంటున్నాను. నేను చెప్పేదాంట్లో తరుగు తీసేసి వినాలి. మా ఇంట్లో అందరూ అలాగే వింటారు. "ఊరంతా వచ్చింది" అని నేనంటే మా ఆవిడ నాలుగు కాఫీలు పెడుతుంది, ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణని ఆమెకు తెలుసు. వాన కుండపోతగా కురుస్తోందని చెబితే పిల్లలు గొడుగు వెతకరు, కిటికీ తీసి చెయ్యి చాస్తారు. కాబట్టి ఈ మనిషి గురించి చదివేటప్పుడు మీకు తోచినంత తగ్గించుకోండి. నాకేం కోపం రాదు. వస్తే ఆయనకు రావాలి. దేన్నైనా తగ్గిస్తే ఊరుకునే మనిషి కాదు.

పోయిన నెల తిరుపతిలో లీలామహల్ దగ్గర సిగ్నల్లో ఆగి తలెత్తితే ఆయన కనిపించాడు, ఫ్లెక్సీలో. పైన ఎర్రక్షరాల్లో 'అశ్రునివాళి'. కింద వరసగా పాత విద్యార్థుల ఫోటోలు, నల్ల కళ్లద్దాలతో, సెల్‌ఫోన్లు చెవిన పెట్టుకుని, పోయింది వాళ్లేనేమో అన్నంత పెద్దగా. మధ్యలో ఈయన. బతికున్నప్పుడు పక్కకు తిరిగితే కనిపించనంత సన్నటి మనిషి, అక్కడ గుమ్మడికాయలా ఉన్నాడు. మిగిలిన ఖాళీ నిండాలని ఫ్లెక్సీ వాడు ఫోటోను రెండు వైపులా పట్టి లాగేశాడు. ముక్కు మీద ఇద్దరు కూర్చుని చీట్లాడుకోవచ్చు. రెండు చెవుల మధ్య నుంచి షేర్ ఆటో పోనివ్వచ్చు.

పోయాడన్న సంగతి నాకప్పుడే తెలిసింది. బాధ కలగాలి కదా. ముందు భయం వేసింది. ఇది చూశాడంటే లేచి వస్తాడు, నిచ్చెన తెప్పిస్తాడు, కొలుస్తాడు. సిగ్నల్ పడి వెనక బస్సువాడు హారన్ కొట్టేదాకా నేను ఆయన కోసం చూస్తూనే ఉన్నాను.

మా డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నేను ఫిజిక్సు. పేరెందుకు, స్టాఫ్ రూమ్ నుంచి సైకిల్ స్టాండ్ దాకా అందరికీ 'టేపు సార్'. అందరికీ చొక్కా జేబులో పెన్ను ఉంటే ఈయనకు దర్జీలు వాడే టేపు ఉండేది, చుట్ట చుట్టి. దాన్ని వేలితో ఒక్క విదిలింపు విదిలిస్తే పాము నాలుకలా బయటికొచ్చేది. రైల్వే స్టేషన్ ఎదురు హోటల్లో ఒకసారి దోశ తెచ్చి పెట్టగానే టేపు తీశాడు. దోశ కొలిచాడు. లేచి వెళ్లి గోడ మీద బోర్డులో ఉన్న దోశ బొమ్మ కొలిచాడు. తిరిగొచ్చి సప్లయరును పిలిచాడు.

"ఏమప్పా, ఆడ రెండడుగులుండాది, ఈడ మూరకి తక్కువుండాది. ఏది నిజం?"

సప్లయరు భుజం మీద తువ్వాలు సర్దుకుని, "అది తినేదుంటే అది తినుకోండి సార్, చట్నీ గోడకేస్తాము" అన్నాడు.

ఈయన నవ్వలేదు. ఆలోచించాడు. బొమ్మ దోశకంటే పెద్దదైనా తప్పే, చిన్నదైనా తప్పే అని నాకు బిల్లు కట్టే దగ్గర దాకా వివరించాడు. ఆయన మతమంతా ఒక్క మాటలో ఉండేది: "ఉండేది ఉండేంత ఉండాల." పాస్‌పోర్టు సైజు ఫోటో అడిగిన ప్రతి ఆఫీసుతోనూ ఆయనకు తగాదా. క్లాసులో 'భూమిని ఒక బిందువు అనుకుందాం' అనే లెక్క వస్తే సుద్దముక్క దించేసి పిల్లల వైపు తిరిగేవాడు. "పుస్తకం చెప్తా ఉండాది, అనుకోండి. నేను మాత్రం అనుకోను." పెళ్లి ఫోటోను నిలువెత్తున వేయించి, అద్దె ఇంటి తలుపులోంచి పట్టకపోతే కిటికీ ఊచలు పీకించాడు. ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్నాడు. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ ఊచలు పీకాల్సి వచ్చింది.

ఇలాంటి మనిషి పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. చీర అంచుల్లో డిజైన్లు ఎలా తిరగబడతాయి, ఎలా అద్దంలో పడ్డట్టు మళ్లీ మళ్లీ వస్తాయి, దాని వెనక గణితమేమిటి, ఇదీ విషయం. మంచి విషయమే. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల పీహెచ్‌డీలు ఒకదాని కడుపులోంచి ఒకటి పుట్టేవి. పేర్లు మార్చడం మర్చిపోయి, పాత థీసిస్‌లోని 'నా భార్య సహకారం' అన్న కృతజ్ఞతను పెళ్లి కానివాళ్లు కూడా దించేసేవారు. అలాంటి కాలంలో సొంతంగా ఆలోచించినవాడు ఈయన ఒక్కడే. అందుకే ఏళ్లకేళ్లు పట్టింది. పట్టీ పట్టీ ఆయన గైడు రిటైరయ్యే నెల దగ్గరకొచ్చింది. గైడు ఉండగా ఇచ్చేస్తే డాక్టరు. లేకపోతే కొత్త గైడు, కొత్త రిజిస్ట్రేషను, మళ్లీ మొదటికి. డాక్టరు కాకపోతే ప్రమోషను లేదు, తనకంటే పదేళ్లు చిన్నవాడి కింద పనిచెయ్యాలి. ఆ చిన్నవాడు అప్పుడే కుర్చీకి కొత్త కవరు కుట్టించుకుంటున్నాడు కూడా.

థీసిస్ లాటెక్‌లో చేశాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అది కంప్యూటర్లో ఒక రకం కంపోజింగు. మామూలు వాటిలోలాగా బొమ్మను మౌసుతో పట్టి అటూ ఇటూ జరపడానికి లేదు. ఎంత ఉండాలో, ఎక్కడ ఉండాలో మాటల్లో రాసివ్వాలి. అది చదువుకుని పేజీ చేసి చూపిస్తుంది. ఒక్క బ్రాకెట్టు తప్పితే పేజీకి బదులు తిట్లు చూపిస్తుంది. పొరుగూరి దర్జీకి కార్డు ముక్క మీద కొలతలు రాసి పంపి చొక్కా కుట్టించుకున్నట్టు. అంకె చెప్పనిదే గీత కూడా కదలని ఈ పద్ధతి టేపు సార్ కోసమే పుట్టిందని నేను అనుకున్నాను. దాంట్లో నాలుగు పేజీలు టైపు చేసిన పాపానికి ఆయన నన్ను నిపుణుణ్ణి చేశాడు.

ఆయనకు కావలసింది చిన్నదే. ఒక తొమ్మిది గజాల చీర అంచును ఈ చివరినుంచి ఆ చివరిదాకా బొమ్మగా పెట్టాలి. దాని మీద లాటెక్‌తోనే ఎర్ర గీతలు గీసి, డిజైను ఎక్కడెక్కడ తిరగబడుతోందో చూపించాలి. కాగితాలు అంటించి, మడతలు పెట్టి థీసిస్ చివర కలపాలి. కింద 'అసలు కొలత' అని రాయాలి. అసలు కొలత అంటే అసలు కొలతే. తొమ్మిది గజాలు.

యూనివర్సిటీ దారిలో శాంతమ్మ అని ఒకామె డీటీపీ సెంటరు నడిపేది. చీర తీసుకుని ఇద్దరం అక్కడికి పోయాం. స్కానరులో ఒక్కసారికి పట్టేది జానెడుకు కాస్త ఎక్కువ. కాబట్టి చీరను మగ్గం మీద జరిపినట్టు ముక్కముక్కకూ జరుపుతూ స్కాన్ చెయ్యాలి. ఇటు మా ఒళ్లోనుంచి అటు రోడ్డు మీదికి చీర. మధ్యలో కరెంటు పోతే చీర ఎక్కడిదక్కడ పట్టుకుని నిలబడాలి, జరిగితే కొలత పోతుంది. దారిన పోయేవాళ్లు ఇద్దరు మొగవాళ్లు చీర చెరో వైపు పట్టుకుని కదలకుండా ఉన్నారు, ఏదో పూజేమోనని దణ్ణం పెట్టి పోయేవారు.

"సార్, ఇది డీటీపీ సెంటరా, చీరల అంగడా?" అంది శాంతమ్మ. "ఇప్పుడే ఒకామె వచ్చి బార్డరు ఎంత అని అడిగి పోయె."

"అడిగితే చెప్పు మా, జానెడు అని" అన్నాడు ఈయన, స్కానరు మీంచి తల ఎత్తకుండా.

ముక్కలన్నీ కలిపి ఒకటే బొమ్మగా చేశాం. కంప్యూటరు దాన్ని చూసి, ముప్పై ఏడు గజాలని చెప్పింది. బొమ్మలో అంగుళానికి ఎన్ని చుక్కలో రాసి ఉండాలి. ముక్కలు కలిపినప్పుడు ఆ మాట చెరిగిపోయింది. కంప్యూటరు తనకు తోచిన సంఖ్య అనుకుని చీరను నాలుగింతలు చేసింది. నాలాంటిదే అదీ. ఈయన మాత్రం తెరకు టేపు ఆనించి చూసి, లోపల్లోపల సంతోషపడ్డట్టే కనిపించాడు. ఎటైనా తప్పే గానీ, తగ్గడంకంటే పెరగడం మేలు కదా. ఆ సంఖ్య సరిచేశాం. చీర తొమ్మిది గజాలకు దిగింది, లాటెక్‌కు అప్పజెప్పాం. అప్పుడు అసలు తిట్టు వచ్చింది: డైమెన్షన్ టూ లార్జ్. నువ్వు చెప్పే కొలత మరీ పెద్దది, నావల్ల కాదు అని.

ఎక్కడిదాకా అవుతుందో కనుక్కోకపోతే ఆయన ఆయన కాదు. ఒక గీత గీయించి, కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. ఐదున్నర మీటర్లు దాటి ఇంకో జానెడు పోయేదాకా బుద్ధిగా గీసింది. ఆ పైన మొరాయించింది. లాటెక్‌కు పుట్టుకతోనే అంతకుమించి లెక్క రాదు. ఈయన కుర్చీలో వెనక్కి వాలి, కనిపెట్టినవాడి మొహం పెట్టాడు.

"అర్థమైందప్పా. ఆరు గజాలైతే పడతాది. తొమ్మిదైతే పట్టదు. దీన్ని చేసినోడు వాళ్లింట్లో ఆరు గజాల చీరే సూసినాడు. మడిచీర సూసింది లేదు."

"సార్, ఆయన ఏ చీరా చూసుండడు."

"సూడకుండానా ఆరు గజాలకి అంత కరెక్టుగా పెట్టినాడు?"

నేను కాగితం మీద గజాలను మీటర్లు చేసి చూసుకున్నాను. ఆరు గజాలు పట్టి, ఇంకో జానెడు మిగిలింది.

నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. అందరూ చేసేది అదే. బొమ్మను పేజీ వెడల్పుకు కుదించేద్దాం. దాని ఎడమ చివర సున్నా, కుడి చివర ఒకటి అనుకుందాం. సగంలో గీత కావాలంటే అర, పావు దగ్గర కావాలంటే పావు. బొమ్మ ఎంత పెరిగినా తరిగినా గీతలు దాన్ని పట్టుకునే ఉంటాయి, జారవు, లాటెక్ తిట్టదు.

"ఒకటా?" అన్నాడు.

"ఒకటి."

"తొమ్మిది గజాలు ఒకటా?"

"అనుకుందాం సార్. లెక్కల్లో అనుకోమా?"

"నేసినోళ్లను అడిగి అనుకోప్పా."

అప్పుడు చెప్పాడు. ఆయనది నగరి, మగ్గాల ఊరు. వాళ్ల నాయన మగ్గం నేసేవాడు. ఒకసారి తొమ్మిది గజాల చీర నేసి షావుకారు దగ్గరికి తీసుకుపోతే, ఆయన తన కొలకర్ర వేసి, పదిమంది ముందర 'జానెడు కురచ' అన్నాడు. నాయన ఎదురు చెప్పలేదు. చీర మడిచి ఇంటికి తెచ్చుకున్నాడు. మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఆ చీర ఇదే. అది కురచ కాదని ఈయన కాగితం మీద పరచి, యూనివర్సిటీ ముద్ర వేయించి, లోకానికి చూపించాలి.

ఒకటి మాట నేను వదిలేశాను. సరే, మూడు ముక్కలు చేద్దాం, మూడేసి గజాలు, ఒక్కొక్కటి ఒక్కో బొమ్మ, అన్నాను.

"మగ్గం దిగిన చీరను చింపుతారాప్పా ఎవరైనా?" అని లేచి నిలబడ్డాడు.

శాంతమ్మకు అప్పటికే ఓపిక అయిపోయింది. కస్టమర్లు చీర దాటుకుంటూ వస్తున్నారు. "చింపద్దులే సార్, మడతన్నా పెట్టండి ఆ చీరని, తొక్కుతా ఉండారు!" అని అరిచింది.

ఆయన చీర వైపు చూశాడు. శాంతమ్మ వైపు చూశాడు. మొహం వెలిగింది.

"మడత!"

అంతే. చేసింది నేను చెప్పినదే. చీరను మూడు మూడేసి గజాలు చేసి, ప్రతి మూడు గజాలకూ కొలతను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాం. లాటెక్ నోరెత్తలేదు. కానీ అది ముక్క కాదు, మడత. పొరపాటున కూడా 'ముక్క' అననివ్వలేదు. అలా మళ్లీ మొదలుపెట్టమని చెప్పే ఆజ్ఞకు లాటెక్‌లో 'మడత' అనే పేరు పెట్టించాడు. నేను తొందరలో 'పార్ట్' అని టైపు చేస్తే నా భుజం మీద టేపుతో కొట్టాడు.

గైడు రిటైరయ్యే రోజు పొద్దున శాంతమ్మ ప్రింట్లు తీసింది. కాగితాల తెల్ల అంచులు బ్లేడుతో కోసి, గమ్ముతో ఒకదానికొకటి అంటించి, మడతలు పెట్టి బైండింగు చేయించాం. మధ్యాహ్నానికి థీసిస్ చేతికొచ్చింది. వెనక వైపు లావుగా, ముందు వైపు సన్నగా, బజ్జీలు తిని పక్కకు ఒత్తిగిలినవాడిలా ఉంది.

గైడు గదిలో శాలువాలు, పూలదండలు, సమోసాల వాసన. ఆయన పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు.

"ఇవ్వవయ్యా, ఇవ్వు. ఐదు దాటితే నా సంతకానికి రేషను షాపులో కిరోసిన్ కూడా పొయ్యరు."

"ఒక్క నిమిషం సార్" అన్నాడు టేపు సార్. టేపు బయటికొచ్చింది.

బొమ్మ ఒక చివర నా చేతికిచ్చాడు. నేను గైడు బల్ల దగ్గర నిలబడ్డాను. ఆయన మడతలు విప్పుకుంటూ గుమ్మం దాటి, వరండాలోకి పోయి, నోటీసు బోర్డు దాకా పోయాడు. వీడ్కోలు చెప్పడానికొచ్చినవాళ్లు గోడకు అంటుకుపోయి దారి ఇచ్చారు. ఆ చివర నేల మీద పెట్టి వెనక్కొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని నా వైపు నుంచి కొలుచుకుంటూ పోయాడు. చివరికి చేరి ఆగాడు. మళ్లీ అటునుంచి ఇటు కొలుచుకుంటూ వచ్చాడు. నా కాళ్ల దగ్గరకొచ్చి తలెత్తాడు.

"జానెడు కురచుండాదప్పా."

ఏమైందో నాకు వెంటనే తట్టింది. శాంతమ్మ కంప్యూటర్లో 'పేజీకి సరిపెట్టు' అనే చోట టిక్కు ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే పిల్లల మార్కుల కాగితాల్లో అంచులు తెగిపోతాయని ఆమె తియ్యదు. లాటెక్ నిజమే చెప్పింది. ప్రింటరు ప్రతి కాగితాన్నీ చిటికెడు కుదించింది. చిటికెళ్లన్నీ కలిసి జానెడైంది. మళ్లీ ప్రింటు తియ్యొచ్చు. ఐదులోపల అవదు.

గైడుకు చెప్పాను. ఆయన నవ్వాడు. "ఇంతేనా! ఎవడు కొలుస్తాడయ్యా దీన్ని?"

"నేను కొలిసినాను గదా సార్."

"అయితే కింద ఆ 'అసలు కొలత' కొట్టెయ్. 'సుమారుగా' అని పెన్నుతో రాయి. నేను పక్కన పొట్టి సంతకం పెడతాను."

"అది కొట్టేస్తే దీంట్లో ఇంకేముంటాది సార్?"

"నీ మూడువందల పేజీల గణితం ఉంటుందయ్యా! పిచ్చివాడా! అది కదా థీసిస్!"

గైడు పెన్ను గాల్లో అలాగే ఉంది. నేను టేపు సార్ చెయ్యి పట్టుకుని లాగాను. "సార్, సంతకం పెట్టించుకోండి. రేపు సరైన ప్రింటు తీసి లోపల మార్చేద్దాం. అందరూ చేసేదే." ఆయన నన్ను బోర్డు మీద దోశను చూసినట్టు చూశాడు. తర్వాత వరండాలో కూర్చుని, ఒక్కో మడతా ఒత్తి, బొమ్మను లోపల పెట్టి, అట్ట మూశాడు. గైడు దగ్గరికి పోయి వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. శాలువాల మధ్య ఉన్న పళ్లెంలోంచి గైడు ఇచ్చిన సమోసా తీసుకున్నాడు. థీసిస్ చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

తర్వాత ఎవరి దగ్గరా మళ్లీ రిజిస్టరు చేసుకోలేదు. కొత్త కవరు కుర్చీలో కూర్చున్న చిన్నవాడి కింద పదకొండేళ్లు పనిచేశాడు. ఆ చిన్నవాడు స్టాఫ్ మీటింగుల్లో ఈయన్ను చూసి "సార్, గది కొలిచారా? అందరం పడతామా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను. ఈయన నిజంగానే కొలిచి చెప్పేవాడు.

ఇప్పుడు తరుగు లెక్క చెబుతాను. కిటికీ ఊచలు పీకింది ఒకసారే. దణ్ణం పెట్టి పోయింది ఒక్క ముసలాయనే, అదీ ఎదురుగా వినాయకుడి పటం ఉండబట్టి. సప్లయరు చట్నీ వేస్తామన్నాడు, 'గోడకు' అన్నది నా మాట. ఇవన్నీ నేను లాగినవి, పుట్టించినవి కావు.

పుట్టించింది ఒకటే, ఆ నాయనను. ఆయనది నగరి కాదు, ఐరాల పక్కన పల్లె. వాళ్ల నాయన చెరుకు రైతు, మగ్గాన్ని బస్సు కిటికీలోంచి చూసుంటే చూసుండాలి. షావుకారు లేడు, కొలకర్ర లేదు. ఇదంతా ఇంతకుముందు కాలేజీలో నలుగురికి ఉన్నదున్నట్టు చెప్పి చూశాను, ఎవరూ నమ్మలేదు. ఏదో కారణం ఉండి ఉండాలి అన్నారు. ఒక నాయనను పెట్టి చెప్పాక కళ్లు తుడుచుకున్నారు.

ఆ చీర ఆయన నగరిలో అంగట్లో కొన్నది, అంచు పొడుగ్గా దొరికిందని. అది కురచ అని ఎవరూ ఎప్పుడూ అనలేదు.